కోరీ ఆవుల వేలం

టోర్నిష్ దొర ఎంత గొప్పవాడో మా ఊరి పబ్బులో ఎవరైనా మొదలుపెడితే నేను గ్లాసు కింద పెట్టి బయటికొచ్చేస్తాను. వాళ్ళ తప్పేం లేదు. చర్చి ముందు టోపీ ఎత్తి పలకరించిన మనిషిని వాళ్ళు చూశారు. నేను ఆయన పక్కన బురదలో బోర్లా పడుకుని చూశాను.

మా నాన్న ఆ ఎస్టేటులో దుప్పుల వేట చూపించేవాడు. ఆయన మోకాళ్ళు పోవడంతో నా బడి కూడా అక్కడితో పోయింది, తుపాకి సంచి నా భుజం మీదికొచ్చింది. దుప్పులు ఎక్కడ మేస్తున్నాయి, గాలి ఎటు తిరుగుతోంది, అదే నా చదువు. ఉండే ఇల్లు దొరది. తొడుక్కునే కోటు దొర ఇచ్చిన గుడ్డ. దాన్ని అదృష్టమన్నారు మావాళ్ళు. నేను కూడా చాలాకాలం అలాగే అన్నాను.

దొర అసలు పేరు లాక్లన్ మెకాస్కిల్. ఆ పేరుతో ఎవరూ పిలవరు. మావైపు భూమి ఎవరిదో ఆ భూమి పేరే వాళ్ళ పేరు. ఎదురుగా నిలబడి మాట్లాడినా ఆయన టోర్నిష్ గారే. కట్టుకున్న భార్య కూడా చనిపోయేదాకా అలాగే పిలిచిందని వంటమనిషి బెల్లా చెప్పేది. నేను చెప్పబోయేది ఆయన టోర్నిష్‌గా ఉన్న ఆఖరి వేటకాలం సంగతి.

ఎస్టేటు ఎందుకు అమ్మాల్సొచ్చిందో చెప్పడం నాకు విసుగు. ఆ రోజుల్లో సగం కొండలు అలాగే పోయాయి. కొనేది దక్షిణాది కంపెనీ ఒకటి. కొండ పై భాగం దుప్పుల వేటకి ఉంచుకుని, కింద మేత భూముల్లో కలప చెట్లు నాటుతామన్నారు. వేటకాలం అయిపోగానే సంతకాలు, చలికాలం మొదట్లో తాళాలు ఇవ్వడం.

దొర కూతురు ఇష్బెల్‌కి అప్పటికి నాకున్నంత వయసుంటుంది. జుట్టు నెరవడం కూడా మొదలైంది. అయినా ఆవిడ మాకందరికీ అమ్మాయిగారే. భూమి దక్కాల్సిన అన్న యుద్ధంలో పోయాడు. అతను పోయాక ఆ ఇల్లు, ఆ తండ్రి, ఆ వాన కారే పైకప్పు అన్నీ ఆవిడ నెత్తిన పడ్డాయి. తనదంటూ ఉన్నవి ఆవులే. కళ్ళమీద దాకా బొచ్చు వేలాడే ఎర్రావుల మంద. ఎస్టేటు పై చివర కోరీ అని ఒక పొలం, రెండు గదుల రాతి ఇల్లు, పక్కన కొట్టం. కాపరులు వదిలేసి వెళ్ళిపోయాక ఆవిడే దాని గోడలు ఎత్తించి, నీళ్ళు పోయే కాలవలు తవ్వించి, ఆవుల్ని అక్కడ పెంచుకుంది. దొర వాటిని ‘ఇష్బెల్ బొమ్మలు’ అనేవాడు.

ఇల్లు పోయినా ఆవిడ ఏడవలేదు. కోరీ ఒక్కటి అమ్మకంలోంచి తీసి తనకి ఉంచమని అడగాలనుకుంది. అది లేకపోయినా కొంటామని కంపెనీవాళ్ళే చెప్పారు. దొర మ్యాపు మీద ఒక గీత గీస్తే చాలు.

అక్టోబరులో ఒక పొద్దున నేను వంటింట్లో ఓట్స్ జావ తాగుతున్నాను. ఇష్బెల్ బురద బూట్లతోనే లోపలికొచ్చి పొయ్యి దగ్గర నిలబడింది.

“అడిగావా తల్లీ?” అంది బెల్లా, పిండి పిసుకుతూనే.

“అడగబోయాను. పొగాకు డబ్బా మర్చిపోయానని లేచి వెళ్ళారు.”

“మరి నిన్న?”

“నిన్న కుక్కని బయట తిప్పి రావాలన్నారు.”

“కుక్క పోయిన చలికాలమే చచ్చిపోయింది గదమ్మా.”

“అదే అన్నాను. అయితే నేనే తిరిగొస్తానని వెళ్ళారు.”

నాకు నవ్వొచ్చింది. బెల్లా పిండి చెయ్యి నావైపు చూపించింది. “నవ్వుతావేంరా డూగల్. నీ కొంప కూడా ఆ బేరంలో పోతోంది.”

“నేను కూడా పోతున్నాను. దుప్పులతో పాటు నన్నూ రాసిచ్చారు.”

“నిన్నెవడు కొంటాడురా, పళ్ళు చూసి వెనక్కి తోలేస్తాడు.”

ఇష్బెల్ నవ్వలేదు. చేతులు పొయ్యి మీద కాచుకుంటూ, “రేపు కొండ మీదికి గుర్రాన్ని నేను తోలుకొస్తాను,” అంది.

మర్నాడు వేటకాలానికి ఆఖరి రోజు. ఆఖరి దుప్పి ఎప్పుడూ దొరదే. దాన్ని కిందికి మోసుకురావడానికి వెనక ఒక గుర్రం ఉండాలి. గుర్రాలవాణ్ణి వసంతంలోనే మాన్పించేశారు కాబట్టి ఎవరో ఒకరు తోలాల్సిందే. అయినా ఆవిడ కళ్ళు చూస్తే నాకు నచ్చలేదు.

“కొండ మీద మాట్లాడకూడదు, అమ్మాయిగారూ,” అన్నాను.

“నాకు తెలీదా?”

“తెలుసని తెలిసే చెబుతున్నాను.”

“ఇంట్లో అయితే లేచి వెళ్ళిపోతున్నారు డూగల్,” అంది ఆవిడ. “అక్కడ ఎక్కడికి వెళ్తారు?”

కొండ మీద మాకో పద్ధతుంది. గేటు దాటినప్పటినుంచి వేట చూపించేవాడిదే మాట. దొరైనా, దొర ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ప్రభువైనా, నేను పడుకోమంటే పడుకోవాలి, పాకమంటే పాకాలి. తుపాకి నా దగ్గరే ఉంటుంది, పేల్చే క్షణం దాకా ఇవ్వను. ఎవడూ నోరు విప్పడు. కిందికి దిగగానే మళ్ళీ నేను నౌకర్నే. ఏడాదికి కొన్ని వారాలపాటు దొరలు మాకు అప్పిచ్చే పెత్తనం అది. మా నాన్న దాన్ని తలుచుకునే బతికాడు.

ఆ రోజు సన్న తుంపర. మబ్బు కొండ నడుము దాకా దిగింది. దొరకి ఎనభైకి దగ్గర, ఎక్కలేక ప్రతి మలుపులోనూ ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా దుర్భిణీ తీసి చూస్తున్నట్టు నటించేవాడు. నేనూ ఆయన కోసం ఏదో చూస్తున్నట్టు నటించేవాణ్ణి. మధ్యాహ్నానికి ఒక పెద్ద దుప్పి కనబడింది. ఆడదుప్పుల మందని కాపలా కాస్తూ అరుస్తోంది. మెడ నల్లగా బురద పట్టి ఉంది, కొమ్ములు బాగా విప్పారాయి.

వాగు గుంటలో దిగి పాకాం. నీళ్ళు కాలరులోంచి వచ్చి బూట్లలోంచి పోతున్నాయి. ఇష్బెల్ గుర్రాన్ని కింద రాతికి కట్టేసి మా వెనకే పాకుతూ వచ్చింది. చెయ్యి ఊపి వెనక్కి పొమ్మన్నాను. ఆవిడ నన్ను చూడనట్టే పాకి తండ్రి పక్కకొచ్చి పడుకుంది. నేనేం చెయ్యను? అరవలేను గదా.

ఆడదుప్పి ఒకటి మాకడ్డంగా మేస్తోంది. అది కదిలేదాకా ఆగాలి. ముగ్గురం హెదర్ పొదల్లో ముఖాలు పెట్టి పడుకున్నాం. అప్పుడు ఆవిడ మొదలుపెట్టింది, గుసగుసగా.

“నాన్నగారూ. కోరీ నాకు ఉంచండి.”

ఆయన తల తిప్పలేదు.

“వాళ్ళు వద్దనలేదు. ఇల్లు వద్దు, వెండి సామాను వద్దు, ఏదీ వద్దు. నా ఆవులు, ఆ రెండు గదులు. నేను మిమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు.”

గాలి, వాన. దుప్పి మళ్ళీ అరిచింది. ఆయన పెదాలు కదలకుండా అన్నాడు, “తొమ్మిది తరాలుగా టోర్నిష్ ఒక్క ముక్కగా వచ్చింది. నా చేత్తో కోశానని అనిపించుకోను.”

“అనడానికి ఎవరుంటారు నాన్నగారూ? చెట్లా?”

అది గుసగుస కాదు. ఆడదుప్పి తల పైకి లేచింది. చెవులు రెండూ మావైపు తిరిగాయి. ఒక్కసారి మొరిగినట్టు అరిచింది, అంతే. మంద మొత్తం కొండవారగా జారుతూ మబ్బులోకి పోయింది. పెద్దది అన్నిటికంటే చివర, తొందర లేకుండా, ఒకసారి ఆగి వెనక్కి చూసి మరీ పోయింది.

దొర లేచి కూర్చున్నాడు. టోపీలోంచి నీళ్ళు దులుపుకున్నాడు.

“గాలి తిరిగిందా డూగల్?”

“లేదు, టోర్నిష్ గారూ.”

“మనం కనబడ్డామా?”

“లేదు.”

“మరెందుకు పోయింది?”

నన్నే చూస్తున్నాడు. కూతురు పక్కనే ఉంది, బురద ముఖంతో, నన్నే చూస్తోంది. “మాట వినబడింది,” అన్నాను.

“అదీ,” అన్నాడు. “టోర్నిష్‌లో నా ఆఖరి దుప్పి.”

ఆవిడ అడిగినదానికి జవాబు అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

దిగేటప్పుడు ఆవిడ ఖాళీ జీను గుర్రాన్ని పట్టుకుని ముందు నడిచింది. దొర జారే చోట ఆగి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని దిగాడు. బల్లపరుపు నేల రాగానే వదిలేశాడు. పెరటి గుమ్మంలో బెల్లా విస్కీ సీసా, గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆఖరి దుప్పి దిగితే అందరికీ తలో గుక్క ఇవ్వడం మా అలవాటు. గుర్రం మీద ఏమీ లేకపోవడం చూసింది, మా ముఖాలు చూసింది, పళ్ళెం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సంతకాలకి ఎడింబరో నుంచి లాయరు వచ్చాడు. టీ తాగాడు, గోడ మీద కొమ్ములు బాగున్నాయన్నాడు, వెళ్ళాడు. తొమ్మిది తరాల సంగతి టీ చల్లారేలోపు తేలిపోయింది.

ఆ కొమ్ములు దింపడానికి నేను భోజనాల గదిలో నిచ్చెన ఎక్కి ఉండగా తండ్రీకూతుళ్ళు ఉదయం ఫలహారం చేస్తున్నారు. ఆ బల్ల ఎంత పొడుగంటే ఉప్పు కావాలంటే ఒకరు లేచి వెళ్ళాల్సిందే.

“ఆవుల్ని వేలం వేయిస్తున్నాను,” అంది ఇష్బెల్.

“మంచిపని. నైర్న్‌లో మనకి రెండు గదులు చూశాను. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది.”

“ఆవుల్ని పెట్టుకోనివ్వరేమో.”

“ఏమిటి?”

“ఏంలేదు. గుడ్డు చల్లారిపోతోంది, తినండి.”

ఆయన తిన్నాడు. నేను మేకు పీకుతున్నాను. “జాగ్రత్త డూగల్, అది మా తాతగారు కొట్టిన దుప్పి,” అన్నాడు. కూతురు కోరీ కోసం అడిగినప్పుడు కూడా ఆ గొంతులో అంత బాధ లేదు.

వేలం కోరీ కొట్టం ముందు జరిగింది. ఆ ఉదయమే దొర పెద్ద ఇంటి తాళాలు కంపెనీ మనిషికి అప్పజెప్పాడు. ఆవులు అమ్ముడుపోయేదాకా కొట్టం వాడుకోనిచ్చారు, దయ తలిచి. వాన పడుతూనే ఉంది. చుట్టుపక్కల రైతులంతా వచ్చారు, సగంమంది కొనడానికి, సగంమంది చూడటానికి. తాళ్ళు కట్టి గుండ్రంగా బరి చేశారు. ఇష్బెల్ మగవాళ్ళ కోటు తొడుక్కుని ఒక్కో ఆవునీ తనే పట్టుకుని తిప్పింది. బొచ్చంతా ముందురోజు దువ్వి పెట్టింది. వానకి అది ఎలాగూ అణిగిపోయింది.

వేలం పాట నడిపేది మన్రో అని, ఎంత వానలోనైనా గొంతు పోని మనిషి. అతను రైతుల్ని పొలాల పేర్లతోనే పిలుస్తాడు. “డాల్‌బెగ్‌ది పాట. ఆక్‌మోర్, ఏం చూస్తున్నావు, నీ భార్యనా ఆవునా? ఇంకో మాట అను.” జనం నవ్వుతున్నారు. ఎక్కువ ఆవుల్ని ఒక లావుపాటి విధవరాలు పాడుకుంటోంది. మిసెస్ గన్, ఉత్తరాన కేత్‌నెస్ నుంచి సొంత లారీ తోలుకుని వచ్చింది. నోట్లో చుట్టతోనే తల ఊపుతోంది.

“ఆ చుట్ట పొగకి తల ఊగిందో, పాటకి ఊగిందో చెప్పమ్మా,” అన్నాడు మన్రో.

“నీ అరుపుకి ఊగింది. కొట్టవయ్యా సుత్తి, తడిసిపోతున్నాను.”

దొర నా పక్కన, కారు మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఇష్బెల్‌ని దింపి, వేలం అయ్యాక మళ్ళీ వద్దామని వచ్చి ఉండిపోయాం. ఆఖర్న మంద పెద్దావు వచ్చింది, రువా. వయసైపోయింది, ఒక కొమ్ము కిందికి వాలి ఉంటుంది, అయినా మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి. ఇష్బెల్ దాని మెడ మీద చెయ్యి వేసి బరి మధ్యకి తీసుకొచ్చింది. ముసలావు కాబట్టి ఎవరూ ఎగబడలేదు. మిసెస్ గన్ తల ఊపింది. మన్రో సుత్తి ఎత్తాడు.

దొర చెయ్యెత్తాడు.

నేను మొదట ఎవరినో పలకరిస్తున్నాడనుకున్నాను. మన్రో కూడా అలాగే అనుకుని తల వంచాడు. ఆయన లేచి నిలబడి, మళ్ళీ ఎత్తాడు. మిసెస్ గన్ ఆయన వంక, ఆవు వంక, కూతురు వంక చూసి చుట్ట తీసేసి ఊరుకుంది. ఇంకెవరూ పలకలేదు. సుత్తి పడింది.

మన్రో అలవాటుగా అడిగాడు, “ఎవరి పేర?”

“టోర్నిష్,” అన్నాడు దొర.

మన్రో పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. తాళ్ళ అవతల గొడుగు కింద నిలబడ్డ కంపెనీ మనిషి, తనని పిలిచారనుకుని తలెత్తాడు. “మాకు ఆవులు అక్కర్లేదే,” అన్నాడు మర్యాదగా. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. అది ఇంకా అన్యాయంగా ఉంది.

ఎవడూ నవ్వలేదు. అందరూ తమ తమ బూట్లు చూసుకుంటున్నారు. దొర చెయ్యి ఇంకా సగం గాలిలోనే ఉంది.

ఇష్బెల్ బరి మధ్యనుంచి అంది, మామూలు గొంతుతో, “లాక్లన్ మెకాస్కిల్ అని రాసుకోండి, మిస్టర్ మన్రో.”

మన్రో రాసుకున్నాడు. తలెత్తకుండానే, “ఎక్కడికి తోలించమంటారు?” అన్నాడు. అది అడగాల్సిన ప్రశ్నే, ప్రతి పశువుకీ అడిగాడు. దొర నోరు తెరిచాడు. కొండ వంక చూశాడు, కొట్టం వంక చూశాడు. కూతురికి ఆ ఆవుని ఇద్దామనుకున్నాడని నేను అనుకుంటాను. ఇచ్చి ఎక్కడ కట్టెయ్యమంటాడో ఆయన ఆలోచించలేదు. మూడు వారాల ముందు ఆలోచించి ఉంటే దానికి కొట్టం ఉండేది, పచ్చిక ఉండేది.

ఆయన వెళ్ళి కారులో కూర్చున్నాడు.

“నా లారీలోనే ఎక్కించండి,” అంది మిసెస్ గన్. “నేను పాడిన ధరకే తీసుకుంటాను. మిగతావన్నీ వచ్చి ఇదొక్కటి ఇక్కడుంటే దారంతా అరిచి నా చెవులు చిల్లులు చేస్తాయి.”

ఆవులు ఎక్కడానికి మొరాయించాయి. ఇష్బెల్ రువాని ముందు ఎక్కించింది, తక్కినవి దాని వెనకే వెళ్ళాయి. మిసెస్ గన్ తడిసిన చుట్ట పారేసి ఆవిడని కిందనుంచి పైదాకా చూసింది.

“ఇవి నీ మాట తప్ప వినేట్టు లేవే.”

“రెండు రోజులు మొండికేస్తాయి. పొద్దున్నే పిలిచాక మేత వెయ్యండి, ముందు వెయ్యకండి.”

“ఏమని పిలవాలి?”

ఇష్బెల్ చెప్పబోయి ఆగింది. మిసెస్ గన్ ముక్కు తుడుచుకుంది. “నా మోకాళ్ళు పోయాయి. ఉన్న పనివాడు తాగుబోతు. కొట్టం పక్కన ఒక గది ఉంది, కారదు. జీతం ఇస్తాను, దొరసాని అని మాత్రం పిలవను. నాకు నోరు తిరగదు.”

“ఇష్బెల్ అంటే చాలు,” అంది ఆవిడ.

అంతే. ఆవిడ పెట్టె నేను తోలే కారులో ఉంది. నేను తెచ్చి ఇచ్చాను. లారీ మెట్టు మీద ఒక కాలు పెట్టి నావైపు తిరిగింది. ముఖమంతా వాన. ఇంకేదైనా ఉందో లేదో నేను చూడలేదు.

“నాన్నగారిని నువ్వే దింపు డూగల్. రాత్రిళ్ళు కాళ్ళకి వేడినీళ్ళ సీసా పెట్టాలని నైర్న్‌లో గదులిచ్చిన ఆవిడకి చెప్పు.”

“ఆయనకేం చెప్పను, అమ్మాయిగారూ?”

“అడిగితే చెప్పు.”

లారీ వెళ్ళిపోయింది. ఇప్పుడు అక్కడ నిలబడితే ఏమీ కనబడదు. ఆ కొట్టం గోడల మధ్యకూడా చెట్లు నాటేశారు. పగటిపూట కూడా చీకటి, పిట్ట కూడా వాలదు. నన్ను దుప్పులతో పాటు ఉంచుకున్నారు. ఎవరెవరో వస్తారు, నేను పడుకోమంటే పడుకుంటారు.

ఆ రోజు లారీ వెళ్ళాక కారు స్టార్టు చేశాను. దొర వెనక సీట్లో ఒక పక్కకి జరిగి కూర్చుని ఉన్నాడు, రెండో మనిషికి చోటు వదిలి.

“ఇష్బెల్ ఏది?”

చెప్పాను. ఉన్నదున్నట్టు, మెత్తగా చెప్పాలని కూడా అనుకోలేదు. అద్దంలో ఆయన ముఖం చూస్తూనే చెప్పాను. నాకు ఆ హక్కుందనిపించింది.

కోరీ గేటు దాటాం, పెద్ద ఇల్లు దాటాం, వంతెన దాటాం. ఆయన ఎటూ తిరిగి చూడలేదు. ఊరు వెనకబడి చాలాసేపయ్యాక దగ్గాడు.

“ఆ గన్ అనే ఆవిడది ఎక్కడన్నావు?”

“కేత్‌నెస్. సముద్రపొడ్డున.”

“అక్కడ గాలి ఎక్కువ. చెట్టూ చేమా ఉండదు.”

“అంటారు.”

“చలికాలానికి మేత ఉంటుందా?”

ఆవుల సంగతే అడిగాడు. ఆ మనిషికి ఇంకో రకంగా అడగడం రాదు. ఊరుకుందామనుకున్నాను. ఊరుకుంటే సరిపోయేది కూడా.

“ఉంటుంది,” అన్నాను. “మంచి పచ్చిక. రాతి కొట్టాలు, కప్పులు గట్టివి. అటకల నిండా గడ్డి.”

“సరే అయితే,” అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

కేత్‌నెస్ నేను అప్పటికి చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.